డెస్క్‌టాప్ లేవనప్పుడు: యూనిక్స్ సిస్టముల్లో గ్రాఫికల్ తెర మొదలయ్యే తీరు, దాన్ని మళ్లీ మొదటికి తెచ్చే మార్గాలు

యూనిక్స్ కుటుంబంలోని సిస్టముల్లో గ్రాఫికల్ డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు విడదీయరాని భాగం కాదు. ఫైళ్లు, నెట్‌వర్కు, ప్రింటరు, యూజర్ల ఖాతాలు అన్నీ తెర మీద ఒక్క బొమ్మ లేకుండానే నడుస్తాయి. సర్వర్లు సాధారణంగా అలాగే నడుస్తున్నాయి. డెస్క్‌టాప్ అంటే ఆ పునాది మీద ఒకదాని వెనక ఒకటి లేచే ప్రోగ్రాముల వరస. తెరను, కీబోర్డును, మౌస్‌ను చేతిలోకి తీసుకునేది ఒకటి. పేరు, పాస్‌వర్డు అడిగేది ఇంకొకటి. కిటికీలకు చోటు చూపేది, అంచున పట్టీ గీసేది, ఫాంటునూ రంగునూ గుర్తుపెట్టుకునేది, తెలుగు టైపు చేయించేది, ఇవన్నీ వేరువేరు. తెర నల్లబడిపోయినా, పాస్‌వర్డు కొట్టాక మళ్లీ పాస్‌వర్డే అడిగినా చెడింది ఈ వరసలో ఏదో ఒకటి మాత్రమే.

ఈ సంగతి తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ఉదాహరణకు, పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, అంటే ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలో, 65వ నంబరు జాతీయ రహదారి పరిటాల నుంచి కంచికచర్ల, నందిగామల మీదుగా జగ్గయ్యపేట వైపు సాగుతుంది. ఈ దారిలో ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్నాయి. ఇలాంటి చోట్ల యూనిక్స్ కుటుంబానికి చెందిన లినక్స్ పరిచయం ఎక్కువగా ల్యాబ్‌లోనే జరుగుతుంది. తెలుగు డీటీపీ పని అనుఫాంట్లు, పేజ్‌మేకర్‌లతో విండోస్ మీదే స్థిరపడిపోవడంతో బజారులోని సెంటర్లకు లినక్స్‌తో పని పడలేదు. ల్యాబ్‌లో చూసి ఇంటి ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకున్న విద్యార్థికి ఒకరోజు డెస్క్‌టాప్ లేవకపోతే ఊళ్లో దొరికే సలహా ఒక్కటే: ఫార్మాట్ కొట్టించు. ప్రాజెక్టు రిపోర్టు, ఇంటి ఫొటోలు, రాసుకున్న ప్రోగ్రాములు ఆ దెబ్బకు పోతాయి. అలాంటి సందర్భాల్లో చాలావాటికి ఒక ఫైలు పేరు మార్చడం సరిపోతుంది. అదెందుకో తెలియాలంటే ఈ వరస ఎలా ఏర్పడిందో చూడాలి.

1984లో అమెరికాలోని ఎంఐటీలో, ప్రాజెక్ట్ అథీనాలో భాగంగా, బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ ఎక్స్ విండో సిస్టమ్‌ను మొదలుపెట్టారు. ఇప్పటికీ వాడుకలో ఉన్న 11వ వెర్షన్ 1987 సెప్టెంబరులో వచ్చింది. తెర మీద గీతలు గీయడం, మీట నొక్కితే తెలియజేయడం వరకే ఎక్స్ తన పని అనుకుంది. కిటికీ అంచు ఎలా ఉండాలి, మెనూ ఎక్కడ రావాలి అన్నవి వేరే ప్రోగ్రాములకు వదిలేసింది. తర్వాతి వైవిధ్యమంతా ఈ నిర్ణయం నుంచే పుట్టింది, తర్వాతి గందరగోళం కూడా. మొదట్లో యూజరు అక్షరాలు మాత్రమే కనిపించే నల్లతెర మీద లాగిన్ అయ్యి, ఎక్స్‌ఇనిట్ అనే ఆదేశంతో ఎక్స్‌ను లేపేవాడు. దానికి తొడిగిన చిన్న స్క్రిప్టే స్టార్ట్‌ఎక్స్. 1988లో కీత్ ప్యాకర్డ్ రాసిన ఎక్స్‌డీఎమ్ వచ్చాక లాగిన్ తెరే గ్రాఫికల్ అయింది. ఇప్పటి జీడీఎమ్, ఎస్‌డీడీఎమ్, లైట్‌డీఎమ్‌లు దాని వారసులే. వీటికి డిస్‌ప్లే మేనేజర్లని పేరు.

డెస్క్‌టాప్ అనదగ్గ సమగ్రమైన ఏర్పాటు 1990లలో వచ్చింది. హెచ్‌పీ, ఐబీఎమ్, సన్ వంటి కంపెనీలు కలిసి తెచ్చిన సీడీఈ వాణిజ్య యూనిక్స్‌లకు ఉమ్మడి ముఖమైంది. 1996లో జర్మనీలో మథియాస్ ఎట్రిచ్ కేడీఈని ప్రకటించాడు. అదే ఏడాది ఒలివియే ఫోర్దాన్ ఎక్స్‌ఎఫ్‌సీఈని, 1997లో మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మెనా గ్నోమ్‌ను మొదలుపెట్టారు. 2011లో గ్నోమ్ 3 రూపం పూర్తిగా మారిపోవడంతో, పాత రూపమే కావాలన్నవారు మాటే అనే శాఖను నిలబెట్టుకున్నారు. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్ ఇప్పుడు ఎక్స్ స్థానాన్ని ఆక్రమిస్తోంది. 2016లో ఫెడోరా 25 అనే లినక్స్ పంపిణీ గ్నోమ్‌కు దాన్నే డిఫాల్ట్ చేసింది. 2025లో వచ్చిన గ్నోమ్ 49 ఎక్స్ సెషన్‌ను మామూలుగా ఇవ్వడం మానేసింది. డెస్క్‌టాప్‌ను మళ్లీ లేపే పద్ధతుల్లో ఈ మార్పు తెచ్చిన తేడా తర్వాత వస్తుంది.

నేటి లినక్స్‌లో పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి వరస ఇలా ఉంటుంది. కెర్నల్ లేచి సిస్టమ్‌డీని నడుపుతుంది. సిస్టమ్‌డీకి గమ్యాలుంటాయి: మల్టీయూజర్ అంటే నల్లతెర వరకు, గ్రాఫికల్ అంటే దాని మీద డిస్‌ప్లే మేనేజర్ కూడా. పాత సిస్టముల్లో రెడ్‌హ్యాట్ తరహా పంపిణీలు వీటినే 3వ రన్‌లెవెల్, 5వ రన్‌లెవెల్ అనేవి. ఫ్రీబీఎస్‌డీ అయితే డిఫాల్ట్‌గా నల్లతెరతోనే ఆగిపోతుంది. డెస్క్‌టాప్ కావలసినవారు దాన్ని విడిగా ఎక్కించుకుని, ఆర్‌సీ కాన్ఫ్ అనే ఫైల్లో ఒక వాక్యం చేర్చుకోవాలి.

డిస్‌ప్లే మేనేజర్ పాస్‌వర్డును సరిచూశాక, ఏ డెస్క్‌టాప్ ఎంచుకున్నారో దాని సెషన్ ఫైలును చదువుతుంది. యూఎస్‌ఆర్ షేర్ కింద ఎక్స్‌సెషన్స్, వేలాండ్‌సెషన్స్ అనే రెండు ఫోల్డర్లలో ఈ ఫైళ్లుంటాయి. లాగిన్ తెర మీద పళ్లచక్రం బొమ్మ నొక్కితే కనిపించే జాబితా ఇక్కడిదే. ఆ ఫైలు చెప్పిన సెషన్ మేనేజర్ నడుస్తుంది. అది కిటికీలను చూసుకునేదాన్ని, పట్టీని, సెట్టింగుల సేవకుణ్ణి, చివరికి ఆటోస్టార్ట్ ఫోల్డర్‌లో ఉన్న చిల్లర ప్రోగ్రాములను లేపుతుంది. 2019 నాటి గ్నోమ్ 3.34 నుంచి ఈ పని కూడా యూజరు తరఫున నడిచే సిస్టమ్‌డీ చేతికే వచ్చింది. ఏ మెట్టు దగ్గర ఆగిందో కనిపెడితే సగం పని అయినట్టే. లాగిన్ తెర కూడా రాకపోతే లోపం డ్రైవరులోనో డిస్‌ప్లే మేనేజర్‌లోనో ఉంటుంది. లాగిన్ తెర వచ్చి, పాస్‌వర్డు తర్వాత చెడితే చాలాసార్లు లోపం ఆ యూజరు సొంత ఫైళ్లలోనే ఉంటుంది.

తెలుగు వాడేవారికి ఈ వరసలో మరికొన్ని మెట్లున్నాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, డెస్క్‌టాప్ మీద అది చదవదగ్గ రూపంలో కనపడటానికి ఫాంట్లూ, ఒత్తులూ గుణింతాలూ కూర్చే ఇంజిన్లూ కావాల్సి వచ్చాయి. దేశికాచారి రూపొందించిన పోతన2000, వేమన2000 ఫాంట్లు, రెడ్‌హ్యాట్ అందించిన లోహిత్ తెలుగు ఈ లోటు తీర్చాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ 2005లో తెలుగు మెనూలతో తన పేరుతోనే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. తెలుగువారి చేతిలో తెలుగు డెస్క్‌టాప్‌గా నిలిచిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. కొన్నేళ్లకు సీ-డాక్ భారతీయ భాషలన్నిటినీ దృష్టిలో పెట్టుకుని బాస్ లినక్స్ తెచ్చింది. టైపింగు సంగతికొస్తే, ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ ఒక పద్ధతి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగు విద్యార్థులు రూపొందించిన ఆర్‌టీఎస్ మరొకటి. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి కావడంతో దానికి అలవాటుపడ్డ చేతులు ఎక్కువ. నేటి లినక్స్‌లో ఈ రెండిటినీ ఐబస్ అనే సేవ అందిస్తుంది. సెషన్‌తో పాటు ఐబస్ లేస్తేనే ఆర్‌టీఎస్‌లో తెలుగు పడుతుంది.

భాష, ఫాంట్లు, కీబోర్డు మూడూ మూడు వేరు చోట్ల దాగి ఉంటాయన్నది ఇక్కడ ముఖ్యం. ఫాంట్లు మామూలుగా సిస్టమ్ ఫోల్డర్లలో ఉంటాయి. మెనూలు ఏ భాషలో రావాలన్నది గ్నోమ్‌లో ఖాతాల సేవ దగ్గర, యూజరు ఇంటి ఫోల్డరుకు బయట నమోదవుతుంది. టైపు చేసే పద్ధతుల జాబితా మాత్రం యూజరు సొంత సెట్టింగుల్లో ఉంటుంది. డెస్క్‌టాప్‌ను రీసెట్ చేసినప్పుడు మెనూలు తెలుగులోనే ఉండి, తెలుగు టైపింగు మాత్రం మాయమవడానికి కారణం ఇదే. మెనూల భాష తెలుగైన చోట మహా అయితే ఇన్‌స్క్రిప్ట్ తనంతట తాను తిరిగి వస్తుంది. ఆర్‌టీఎస్‌ను సెట్టింగుల్లోకి వెళ్లి మళ్లీ చేర్చుకోవలసిందే. ఇది తెలియక, రీసెట్ చేస్తే తెలుగు పోయిందని కంగారుపడి మొత్తం సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించడం అనవసరం.

రీసెట్ కంటే ముందు ప్రయత్నించవలసింది రీస్టార్ట్. దాంట్లోనూ చిన్నా పెద్దా ఉన్నాయి. పట్టీ ఒక్కటే బిగుసుకుపోతే పట్టీ ఒక్కదాన్నే లేపవచ్చు. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ప్యానెల్‌ను, కేడీఈలో ప్లాస్మాషెల్‌ను ఒక్క ఆదేశంతో ఆపి మళ్లీ నడపవచ్చు, తెరిచి ఉన్న ఫైళ్లకు ఏమీ కాదు. గ్నోమ్‌లో ఎక్స్ మీద ఉన్నంతకాలం ఆల్ట్, ఎఫ్2 నొక్కి ఆర్ అని కొడితే చాలు, షెల్ కొత్తగా లేచేది. వేలాండ్‌లో ఆ సౌకర్యం లేదు. అక్కడ షెల్లే తెరను పట్టుకున్న ప్రోగ్రాము కూడా కాబట్టి, అది ఆగితే దాని మీద ఆధారపడ్డ కిటికీలన్నీ పోతాయి. వేలాండ్ భద్రతలో ఎంత మెరుగైనా, ఈ ఒక్క విషయంలో గ్నోమ్ యూజరు నష్టపోయాడన్నది ఒప్పుకోక తప్పదు. కేడీఈ కొంత మేలు. దాని షెల్లు, తెరను పట్టుకునే క్విన్ వేరువేరు కాబట్టి వేలాండ్ మీద కూడా షెల్లును విడిగా లేపవచ్చు.

తర్వాతి మెట్టు లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవడం. మౌస్ కూడా కదలకపోతే కంట్రోల్, ఆల్ట్‌లతో పాటు ఎఫ్3 నొక్కి నల్లతెరకు వెళ్లి, లాగిన్ అయి, డిస్‌ప్లే మేనేజర్ సేవను రీస్టార్ట్ చేయవచ్చు. దీంతో నడుస్తున్న సెషన్ మొత్తం పోతుంది, సేవ్ చేయని పని దక్కదు. ఒకప్పుడు కంట్రోల్, ఆల్ట్, బ్యాక్‌స్పేస్ కలిపి నొక్కితే ఎక్స్ అక్కడికక్కడే ఆగిపోయేది. పొరపాటున నొక్కి పని పోగొట్టుకున్నవారు ఎక్కువవడంతో 2009 ప్రాంతంలో దాన్ని డిఫాల్ట్‌గా తీసేశారు. పవర్ బటన్ అదిమి పట్టుకోవడం అన్నిటికంటే చివరి మార్గం.

పవర్ బటన్ అలా అదిమి పట్టుకోవడానికీ కరెంటు కోతకూ సిస్టమ్ దృష్టిలో తేడా లేదు. 2009లో ఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ కొత్తగా వాడుకలోకి వచ్చినప్పుడు, కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగి మళ్లీ లేస్తే కేడీఈ, గ్నోమ్ సెట్టింగుల ఫైళ్లు సున్నా బైట్లతో మిగిలాయన్న ఫిర్యాదులు వచ్చాయి. కారణం ఇది. డెస్క్‌టాప్ తన సెట్టింగు మారినప్పుడల్లా పాత ఫైలు స్థానంలో కొత్తది రాస్తుంది. ఎక్స్‌టీ4 మాత్రం వేగం కోసం అసలు సమాచారాన్ని డిస్కు మీదకు చేర్చడం కొంతసేపు వాయిదా వేసేది. ఆ మధ్యలో ఆగితే పేరు మిగిలేది, లోపల ఏమీ ఉండేది కాదు. ఎక్స్‌టీ4 నిర్వాహకుడు టెడ్ సో చేసిన మార్పులు 2.6.30 కెర్నల్‌తో వచ్చి ఈ ప్రమాదాన్ని బాగా తగ్గించాయి. పూర్తిగా పోలేదు. వేసవిలో కరెంటు వస్తూ పోతూ ఉండే ఊళ్లలో, బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌ల మీద, యూపీఎస్ లేని ల్యాబ్‌లలో డెస్క్‌టాప్ చెడినప్పుడు మొదట చూడవలసింది సున్నా బైట్ల సెట్టింగు ఫైలు ఉందా అన్నదే.

ఇక రీసెట్. యూజరు చేసిన మార్పులు దాదాపు అన్నీ అతని ఇంటి ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే, మామూలుగా కనపడని ఫోల్డర్లలో ఉంటాయి. పంపిణీ ఇచ్చిన అసలు డిఫాల్టులు సిస్టమ్ ఫోల్డర్లలో చెక్కుచెదరకుండా ఉంటాయి. యూజరు ఫైలు కనపడకపోతే డెస్క్‌టాప్ డిఫాల్టులతో కొత్త ఫైలు రాసుకుంటుంది. రీసెట్ అన్న మాటకు అర్థం ఇంతే. అందుకే చెరపడం కంటే పేరు మార్చడం మేలు. కొత్త ఫైలుతో బాగుపడితే పాతది తీరిగ్గా తీసేయవచ్చు, బాగుపడకపోతే పాతపేరు తిరిగి పెట్టుకోవచ్చు.

ఫైలు ఎక్కడుందన్నది డెస్క్‌టాప్‌ను బట్టి మారుతుంది. గ్నోమ్, మాటే, సినమన్ అనే మరో డెస్క్‌టాప్, వీటి సెట్టింగులు చాలావరకు డాట్ కాన్ఫిగ్ కింద డీకాన్ఫ్ అనే ఫోల్డరులో, యూజర్ అన్న ఒకే ఒక్క ఫైల్లో ఉంటాయి. అది బైనరీ ఫైలు, ఎడిటరుతో తెరిస్తే పనికిరాదు. డెస్క్‌టాప్ లేస్తూనే ఉండి అస్తవ్యస్తంగా ఉంటే డీకాన్ఫ్ రీసెట్ ఆదేశంతో ఒక్క కొమ్మనే, ఉదాహరణకు పట్టీనో కీబోర్డునో, మొదటికి తేవచ్చు. ముందుగా డీకాన్ఫ్ డంప్‌తో మొత్తాన్ని మామూలు టెక్స్ట్ ఫైలుగా దాచుకుంటే కావలసినవి తర్వాత లోడ్ చేసుకోవచ్చు. అసలు లేవకపోతే నల్లతెర నుంచి ఆ యూజర్ ఫైలు పేరు మార్చడం దారి. గ్నోమ్‌లో ఇంకో అనుమానితుడు ఎక్స్‌టెన్షన్లు. గ్నోమ్ కొత్త వెర్షన్‌కు మారినప్పుడు పాత ఎక్స్‌టెన్షన్ సరిపడక షెల్ తడబడటం కద్దు. సెట్టింగుల జోలికి పోకుండా వాటిని పక్కన పెట్టి చూడాలి.

కేడీఈ ఒక్క ఫైలుతో సరిపెట్టదు. పట్టీ, విడ్జెట్ల అమరిక ఆప్లెట్స్‌ఆర్‌సీ అని ముగిసే పొడవైన పేరున్న ఫైల్లో, కిటికీల తీరు క్విన్‌ఆర్‌సీలో, రంగులు, ఫాంట్లు కేడీఈగ్లోబల్స్‌లో ఉంటాయి. అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే, తెరిచి చదువుకోవచ్చు. పట్టీ మాయమైతే మొదటి ఫైలు ఒక్కటే పక్కకు తీస్తే సరి, మిగతా అలవాట్లు అలాగే ఉంటాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈ అంశానికో ఎక్స్‌ఎమ్ఎల్ ఫైలు పెడుతుంది. దానితో ఒక చిక్కుంది. ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్‌డీ అనే సేవ సెట్టింగులను మెమరీలో పట్టుకుని ఉంటుంది. సెషన్ నడుస్తుండగా ఫైలు తీసేస్తే అది తన దగ్గరున్నదాన్నే మళ్లీ రాసేస్తుంది. లాగౌట్ అయి, నల్లతెర నుంచి చేస్తేనే ఫలితం.

డాట్ కాన్ఫిగ్ ఫోల్డరు మొత్తాన్ని తీసేయమనే సలహా తరచు వినిపిస్తుంది. అది ప్రమాదకరమైన సలహా. డెస్క్‌టాప్‌కు సంబంధం లేనివి కూడా అక్కడే ఉంటాయి: గూగుల్ క్రోమ్ బుక్‌మార్కులు, లిబ్రెఆఫీస్‌లో ఏళ్లుగా చేర్చుకున్న తెలుగు మాటల సొంత నిఘంటువు, టెంప్లేట్లు. డెస్క్‌టాప్ బాగుపడుతుంది గానీ రాతగాడి సొమ్ము పోతుంది.

పాస్‌వర్డు సరిగ్గా కొట్టినా మళ్లీ లాగిన్ తెరకే రావడం అందరినీ వేధించే జబ్బు. దీనికి కారణాలు కొన్నే. మొదటిది: ఎప్పుడో అడ్మిన్ అధికారంతో స్టార్ట్‌ఎక్స్ నడపడం వల్ల ఇంటి ఫోల్డరులోని డాట్ ఎక్స్‌అథారిటీ అనే ఫైలు రూట్ సొత్తయి ఉంటుంది. యూజరుకు దాన్ని రాసే హక్కు లేక సెషన్ పుట్టీపుట్టగానే ఆగిపోతుంది. ఆ ఫైలును తీసేస్తే చాలు, ఎక్స్ కొత్తది రాసుకుంటుంది. రెండోది డిస్కు నిండిపోవడం. ల్యాబ్‌లో అందరూ వాడే యంత్రాల మీద ఇది తరచు జరిగేదే, పెద్ద ఫైళ్లు తీసేస్తే తీరుతుంది. మూడోది ప్రొఫైల్ ఫైలులో ఎవరో సూచించగా చేర్చిన తప్పు వాక్యం. ఇవేవీ కావనుకుంటే సిస్టమ్‌డీ రాసిపెట్టే జర్నల్ అనే లాగ్‌లో చివరి పేజీ చదవాలి, కారణం చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది.

ఈ పనుల కోసం నల్లతెర మీదకు వెళ్లినప్పుడే తెలుగు డెస్క్‌టాప్ పెట్టుకున్నవారికి ఒక అడ్డంకి ఎదురవుతుంది. లినక్స్ నల్లతెర 512కు మించి అక్షర రూపాలను పట్టుకోలేదు. ఒత్తులు, గుణింతాలు కూర్చడం దానికి రాదు. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు గ్రాఫికల్ పద్ధతిలో మాత్రమే దొరకడానికి కారణం కూడా ఇదే. భాష తెలుగుగా ఉన్న యూజరు నల్లతెర మీద ఫైళ్ల జాబితా అడిగితే నెల పేరు ఉండాల్సిన చోట డబ్బాలు కనిపిస్తాయి. పత్రాలు, చిత్రాలు వంటి ఫోల్డర్ల పేర్లు తెలుగులో పెట్టుకున్నవారికి ఆ పేర్లూ డబ్బాలే. వాటిని టైపు చేయడానికి దారి లేదు, ఐబస్ అక్కడ ఉండదు. మొదటిసారి చూసినవారు డిస్కే చెడిందనుకుంటారు. చెడలేదు. ఎల్‌సీ ఆల్ అనే చరరాశికి సీ విలువ ఇస్తే నెలలు ఇంగ్లిష్‌లోకి మారతాయి. ఫోల్డర్ల పేర్లు మాత్రం అలా మారవు. పేరు కొట్టకుండా నక్షత్రం గుర్తుతో పని జరుపుకోవచ్చు. మరమ్మతుకు కావలసిన డాట్ ఫైళ్ల పేర్లు ఎలాగూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కనుక పని ఆగదు. తెలుగు మెనూలు ఇష్టపడేవారు ఫోల్డర్ల పేర్లు మాత్రం ఇంగ్లిష్‌లో ఉంచుకోవడం మంచిది. మెనూల భాష మార్చాక లాగిన్ అయినప్పుడు పేర్లు మార్చమంటారా అని సిస్టమే అడుగుతుంది, పాతవే ఉంచమంటే సరిపోతుంది.

లోపం యూజరు ఫైళ్లలో ఉందా, సిస్టమ్‌లో ఉందా అని తేల్చే పరీక్ష ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు. నల్లతెర నుంచి కొత్త యూజరును సృష్టించి, ఆ పేరుతో గ్రాఫికల్ లాగిన్ అయి చూడాలి. కొత్త యూజరుకు డెస్క్‌టాప్ చక్కగా లేస్తే సిస్టమ్ బాగున్నట్టే, లోపం పాత యూజరు డాట్ ఫోల్డర్లలో ఉంది. కొత్త యూజరుకూ లేవకపోతే రీసెట్‌తో లాభం లేదు. డ్రైవరు, కెర్నల్, సగంలో ఆగిన అప్‌డేట్ వైపు చూడాలి. ఎన్‌విడియా కార్డులున్న యంత్రాల మీద కెర్నల్ మారాక డ్రైవరు సరిపడక తెర నల్లబడటం మామూలు. అప్పుడు కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్‌ను ఎంచుకుంటే చాలాసార్లు తెర వస్తుంది.

వందలమంది వాడే ల్యాబ్‌లో ఇవన్నీ ఒక్కొక్కరికి చేయడం కుదరదు. దానికీ ఏర్పాట్లున్నాయి. ఈటీసీ కింద స్కెల్ అనే ఫోల్డరులో పెట్టినవి ప్రతి కొత్త యూజరు ఇంటికీ నకలుగా చేరతాయి. గ్నోమ్‌లో సిస్టమ్ స్థాయి డీకాన్ఫ్ డేటాబేసులో ల్యాబ్ మొత్తానికి డిఫాల్టులు రాసి, మార్చకూడనివాటికి తాళం వేయవచ్చు. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ రెండిటినీ ఆ డిఫాల్టుల్లో చేరిస్తే ఎన్నిసార్లు రీసెట్ చేసినా తెలుగు తిరిగి వస్తుంది. కేడీఈలో కియోస్క్ పద్ధతి ఇలాంటి పనే చేస్తుంది. ఈ పని ల్యాబ్‌లో ఒకరు ఒకసారి చేస్తే చాలు.

డీకాన్ఫ్ ఫైలు, ఆప్లెట్స్‌ఆర్‌సీ, డాట్ ఎక్స్‌అథారిటీ, కొత్త యూజరు పరీక్ష, నల్లతెరకు వెళ్లే మీటలు, ఇంతా కలిపి అరపేజీ కాగితానికి సరిపోతుంది. లినక్స్ నేర్పే ప్రతి ల్యాబ్‌లోనూ ఆ కాగితం గోడ మీద ఉండాలి. సొంత ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థులు ఫార్మాట్ మాట ఎత్తకముందే ఒక్కసారి కొత్త యూజరుతో లాగిన్ అయి చూడాలి.